ఎత్తు ఎవరిది?

సర్క్యూట్ బోర్డు గీసేవాడికి ఎత్తుతో పనేముంది? ఈ వృత్తిలో చాలాకాలం దాదాపు అందరూ ఇలాగే అనుకున్నారు. పొడవూ వెడల్పూ మనవి. ఏ పిన్ను ఏ పిన్నుకు కలవాలి, ఏ ట్రాక్ ఎటు తిరగాలి, ఏది దేన్ని తాకకూడదు, ఇదంతా బల్లపరుపు లోకంలోనే తేలిపోయే వ్యవహారం. ఆ బోర్డు మీద నిలబడ్డ కెపాసిటర్ ఎంత పొడుగుందో, పైన మూత పడుతుందో లేదో డబ్బా చేసేవాడు చూసుకుంటాడులే అనుకుంటాం. డబ్బా చేసేవాడేమో ఆ సంగతి బోర్డు గీసినవాడు చెప్పాలి కదా అంటాడు. ఇద్దరి మధ్యా ఎత్తు అనాథ.

ఇప్పుడా సాకు చెల్లదు. బోర్డులు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్ పట్టుకుని 3 నొక్కితే చాలు. ఆల్టియంలో అయితే ఉత్తి 3. అంతవరకూ నల్లటి తెర మీద ఎర్ర గీతలుగా, నీలం గీతలుగా ఉన్నది కాస్తా ఆకుపచ్చ పలకై లేచి నిలబడుతుంది. ప్యాడ్లు మెరుస్తాయి. చిప్పులకు నల్లటి ఒళ్ళు, వెండి కాళ్ళు వస్తాయి. మౌస్‌తో పట్టి తిప్పితే తిరుగుతుంది, బోర్లా వేస్తే అడుగు చూపిస్తుంది. ట్రాకులు వేసే రూటింగ్ పని ఇంకా సగంలోనే ఉంటుంది, చూడాల్సిన అవసరమేమీ ఉండదు, అయినా గంటకోసారి దాన్ని తెరిచి ఓ చుట్టు తిప్పి మూసేస్తాం. నాకు తెలిసిన లేఅవుట్ ఇంజనీర్లలో ఈ అలవాటు లేనివాళ్ళు లేరు. టైమ్‌షీట్‌లో ఏమని రాస్తాం దీన్ని?

ఈ పనిలో లేనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. రెండు కొలతల తెర మీద అడుగు పొరను కూడా మేం పైనుంచే చూస్తాం, మధ్యలో పలక లేనట్టే. అందుకే అడుగున రాసిన అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకు ఆ తిరగబడ్డ లోకమే ఇల్లయిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు మాత్రం అడుగున ఓ కనెక్టర్ పెట్టాక ఒకటో పిన్ను ఎడమకొచ్చిందా కుడికొచ్చిందా అని అరచేయి అటూ ఇటూ తిప్పుకుంటూ లెక్క వేస్తారు. 3డి తెరలో బోర్డును బోర్లా వేస్తే ఆ లెక్కే అక్కర్లేదు. ఈ ఒక్క మేలుకే ఈ సదుపాయానికి దండం పెట్టొచ్చు.

విచిత్రమేమిటంటే, అసలు ప్రింటెడ్ సర్క్యూట్ పుట్టిందే ఎత్తును వదిలించుకోవడానికి. పాత వాల్వు రేడియోను తిరగేసి ఛాసిస్ అడుగు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెసిస్టర్లు తమ కాళ్ళమీదే గాలిలో వేలాడుతుంటాయి, తీగలు ఒకదాని మీదుగా ఒకటి పోతుంటాయి, ప్రతి అతుకూ ఒక మనిషి చేత్తో పెట్టినదే. అది పూర్తిగా మూడు కొలతల పని. వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ పత్రికల ముద్రణ తెలిసినవాడు. కాగితం మీద అక్షరాల్ని అచ్చేసినట్టు పలక మీద తీగల్నే అచ్చేస్తే పోలా అనుకున్నాడు. 1936లో లండన్ చేరి, అలా అచ్చేసిన సర్క్యూట్‌తో రేడియో చేసి చూపించాడు. చిక్కుపడ్డ తీగల పొదను చదును చేసి కాగితమంత పల్చన చేయడమే ఆయన గొప్పతనం. ఆ చదునులోంచే చౌక వచ్చింది. ఒకటి చేసినట్టే లక్ష చేసే వీలు వచ్చింది.

ఆ తరవాత కొన్ని దశాబ్దాలు బోర్డు గీయడమంటే మైలార్ షీటు మీద టేపు అంటించడమే. అసలు కొలతకు రెండింతలో నాలుగింతలో పెద్దగా వేసి, ఫొటో తీసి చిన్నది చేసేవాళ్ళు. రెండు పొరల బోర్డుకు ఒకే షీటు మీద ఎరుపు టేపు ఒక పొరకు, నీలం టేపు ఇంకో పొరకు వాడి, కెమెరాకు రంగు ఫిల్టర్లు పెట్టి విడదీసే పద్ధతి ఒకటుండేది. ఇవాళ్టికీ చాలా సాఫ్ట్‌వేర్లలో పై పొర ఎరుపు, అడుగు పొర నీలం. తరవాత జోసెఫ్ గెర్బర్ కంపెనీ వాళ్ళ ఫొటోప్లాటర్లు వచ్చి వెలుతురుతో ఫిల్మ్ మీద గీయడం మొదలుపెట్టాయి. వాటి కోసం పుట్టిన ఫైలు పద్ధతే గెర్బర్. మేం ఫ్యాక్టరీకి బోర్డు పంపడమంటే నేటికీ ఎక్కువగా ఈ గెర్బర్ ఫైళ్ళు పంపడమే. అన్నట్టు ఈ గెర్బర్ కూడా వియన్నాలోనే పుట్టాడు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరాడు. ఒకే ఊరు కోల్పోయిన ఇద్దరు మనుషుల్లో ఒకడు బోర్డును, ఇంకొకడు దాని లిపిని ఇచ్చారు.

మామూలుగా ఆ లిపిలో ఎత్తుకు అక్షరం ఉండదు. ఒక్కో పొరకు ఒక్కో బొమ్మ, రంధ్రాలకు ఇంకో ఫైలు. పలక మందం 1.6 మిల్లీమీటర్లని ఆర్డరు ఫారంలో విడిగా రాస్తాం. దాని మీద 3 మిల్లీమీటర్ల మాడ్యూలు కూర్చుంటుందో, 13 మిల్లీమీటర్ల ఈథర్నెట్ సాకెట్ కూర్చుంటుందో ఆ పలక చేసే ఫ్యాక్టరీకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 3డి తెరలో మనం చూసి మురిసిపోయే ఎత్తంతా ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే రాలిపోతుంది.

మరి ఆ ఎత్తు ఎవరి కోసం? నాకు అర్థమైనంతలో, బోర్డు నాది ఒక్కడిదీ కాకుండా పోయే చోటే మూడో కొలత మొదలవుతుంది. పొడవు వెడల్పుల్లో నా చిప్పులూ నా ట్రాకులూ తప్ప ఎవరూ ఉండరు. తల ఎత్తితే చాలు, ఇంకొకరెవరో ఉంటారు. మూత చేసినవాడు, కేబుల్ గుచ్చేవాడు, సోల్డర్ ఐరన్ పట్టుకున్న అమ్మాయి, బటన్ నొక్కే వేలు.

దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ ఆర్డుయినో ఊనో. 2010లో వచ్చిన ఈ బోర్డు తెలియని ఇంజనీరింగ్ విద్యార్థి ఉండడు. దాని అంచుల్లో ఉన్న హెడర్ల మీద షీల్డ్ అనే ఇంకో బోర్డు వచ్చి కూర్చుంటుంది. ఊనో మీద ఉన్న యూఎస్‌బీ సాకెట్ పాతకాలపు చదరపు రకం, ఒళ్ళంతా లోహం, ఎత్తు దాదాపు 11 మిల్లీమీటర్లు. షీల్డ్ కూర్చున్నాక దాని అడుగు సరిగ్గా ఆ సాకెట్ నెత్తిమీదికి వస్తుంది. షీల్డ్ అడుగున ఏ సోల్డర్ మొన అయినా కాస్త పొడుగ్గా ఉంటే ఆ లోహానికి తగులుతుంది. ఆ లోహమేమో గ్రౌండ్. ఇంకేముంది, షార్ట్. ప్రపంచమంతా దీనికి కనిపెట్టిన విరుగుడు ఒక్కటే, సాకెట్ నెత్తిన ఇన్సులేషన్ టేపు ముక్క అంటించడం. రెండు బోర్డుల్నీ విడివిడిగా పైనుంచి చూస్తే ఏ దోషమూ లేదు. దోషమంతా వాటి మధ్య ఉన్న సందులో ఉంది. ఆ సందు ఏ ఒక్కరి డ్రాయింగులోనూ లేదు.

రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు కథ ఇంకో రకం. 2019లో వచ్చిన నాలుగో పై పాతదాని కొలతల్లోనే ఉంది, 85 బై 56 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలూ ఎక్కడివక్కడే. కానీ ఈథర్నెట్ సాకెట్టూ యూఎస్‌బీ సాకెట్లూ చోట్లు మార్చుకున్నాయి, ఒక పెద్ద హెచ్‌డీఎంఐ పోయి రెండు బుల్లివి వచ్చాయి. మూడో పై కోసం కొన్న డబ్బాలు దీనికి పనికిరాలేదు. 2023లో అయిదో పై వచ్చేసరికి ఈథర్నెట్ మళ్ళీ పాత మూలకే చేరింది. బోర్డు గీసినవాళ్ళకు కారణాలుంటాయి, ఉండి తీరతాయి. డబ్బాలు పోతపోసే అచ్చులు చేయించుకున్నవాడికి మాత్రం ఆ కారణాలతో కడుపు నిండదు.

ఇంతకంటే చిన్న సంగతి, స్క్రూ. లేఅవుట్‌లో అది 3.2 మిల్లీమీటర్ల రంధ్రం, ఒక వట్టి సున్నా. దాని పక్కనుంచే ట్రాక్ తీసుకుపోతాం, ఓ చిన్న రెసిస్టర్ కూడా పెట్టేస్తాం. రేపు అందులోకి దిగే ఎం3 స్క్రూకి తల ఉంటుంది. తల కింద 7 మిల్లీమీటర్ల వాషర్ ఉంటుంది. తల పైన స్క్రూడ్రైవర్ నిలువుగా దిగడానికి పొడుగాటి ఖాళీ కావాలి. ఆ ఖాళీలోకి పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ పొట్ట వచ్చిందంటే స్క్రూడ్రైవర్ ఏటవాలుగా పెట్టి తిప్పాలి. అలా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ప్లాన్‌లో మెట్లు సరిపోతాయి, బీరువా ఎక్కదు. అందుకే నేను రంధ్రంలో స్క్రూనూ వాషర్‌నూ కూడా మోడల్‌గా పెట్టుకుంటాను. కొందరు నవ్వుతారు, కానీండి.

ఇంతవరకూ 3డి తెరను మెచ్చుకున్నాను. ఇక దాని మాట ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెప్పాలి.

ఆ తెర మీద నిలబడ్డ కెపాసిటర్ కెపాసిటర్ కాదు, దాని గురించి ఎవరో చెప్పిన మాట. ఎవరో గీశారు, ఇంకెవరో లైబ్రరీలో పెట్టారు, మనం బోర్డు మీద దాని ప్యాడ్ల అమరికకు, అంటే ఫుట్‌ప్రింట్‌కు తగిలించాం. తగిలించడంలో తమాషాలు జరుగుతాయి. చిప్పు బోర్డుకు పైన గాలిలో తేలుతుంది. కనెక్టర్ సగం పలకలోకి పూడుకుపోతుంది. నిలబడాల్సిన క్రిస్టల్ పక్కకు పడుకుంటుంది. కీక్యాడ్‌లో వీఆర్ఎంఎల్ అనే ఫైలు రకం మోడళ్ళ కొలమానం అంగుళంలో పదో వంతు. మిల్లీమీటర్లలో గీసిన మోడల్‌ను అలాగే తెచ్చి పెడితే 2.54 రెట్లు పెరిగి కూర్చుంటుంది. బియ్యపు గింజంత ఉండాల్సిన రెసిస్టర్ పక్కనున్న నాలుగు ప్యాడ్లను మింగి కూర్చోవడం చూసి నవ్వని కొత్తవాడు ఉండడు. స్కేల్ గడిలో 0.3937 అని మూడుచోట్లా కొడితే దారికొస్తుంది.

ఇవన్నీ కంటికి తగిలే తప్పులు, కాబట్టి ప్రమాదం లేనివి. భయపడాల్సింది చక్కగా కూర్చున్న మోడల్‌ను చూసి. మోడల్ కాలు ప్యాడ్ నడిమధ్య దిగింది, అంచు అంచుతో కలిసింది, ఇక చూడక్కర్లేదనిపిస్తుంది. కానీ ఫుట్‌ప్రింట్, మోడల్ రెండూ ఒకే చోటినుంచి జంటగా దింపుకున్నవి కావచ్చు, రెండూ ఒకే డేటాషీట్‌ను ఒకే రకంగా తప్పు చదివినవాడు చేసినవి కావచ్చు. అప్పుడు తప్పు తప్పుతో అతికినట్టు సరిపోతుంది. తెర రెండు బొమ్మల్ని పోల్చి చూపించగలదు గానీ, బొమ్మను వస్తువుతో పోల్చలేదు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీలో మనం కొన్న కనెక్టర్ ఇంకో కంపెనీది అయితే, దాని ప్లాస్టిక్ పిలక అర మిల్లీమీటరు అటో ఇటో ఉంటే, తెరకు ఆ కబురు అందదు.

అందుకని ఇప్పటికీ బోర్డు పంపే ముందు పాతకాలం పని ఒకటి చేస్తాను. లేఅవుట్‌ను ఒకటికి ఒకటి కొలతలో ఏ4 కాగితం మీద ప్రింటు తీస్తాను. ప్రింటర్ సెట్టింగుల్లో ‘పేజీకి సరిపెట్టు’ అన్న టిక్ తీసేశానా లేదా అని రెండుసార్లు చూసుకుని, వచ్చిన కాగితం మీద వెర్నియర్ పెట్టి బోర్డు అంచు కొలుస్తాను. తరవాత ఆ కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద పరిచి, అసలు కనెక్టర్‌ను తెచ్చి గుచ్చుతాను. కాళ్ళు గీసిన సున్నాల మధ్యలోనే దిగితే ఒక్కసారే టక్కున దిగుతుంది. దిగకపోతే కాగితం చినుగుతుంది. ఆ చినుగు ఎంతుందో, ఎటువైపుందో చూస్తే ఎంత జరపాలో తెలిసిపోతుంది. రెండు రూపాయల కాగితం ఇచ్చే ఈ సాక్ష్యం ఏ 3డి తెరా ఇవ్వలేదు. ఎందుకంటే ఇందులో అసలు వస్తువు వచ్చి కూర్చుంది.

అయితే కాగితం చేయలేనిది, తెర మాత్రమే చేయగలిగేది ఒకటుంది. నాకు అదే అన్నిటికంటే ఇష్టం. కీక్యాడ్ 3డి తెరలో బోర్డు ఒంటిని మాయం చేసే బటన్ ఉంది. అది నొక్కితే పలక పోతుంది, సోల్డర్ మాస్క్ కూడా తీసేస్తే రాగి ఒక్కటే మిగులుతుంది. నాలుగు పొరల బోర్డు అయితే నాలుగు రాగి పొరలు ఒకదాని కింద ఒకటి, వాటిని గుచ్చుతూ, ఒకదానితో ఒకటి కలుపుతూ వయాల చిన్న గొట్టాలు. పైనుంచి చూసినప్పుడు ఎరుపు, నీలం చుక్కలుగా తప్ప తెలియనివి ఇక్కడ స్తంభాల్లా నిలబడి ఉంటాయి. పక్కనుంచి చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంతా ఎంత పల్చగా ఉందో! మామూలు రాగి పొర మందం 35 మైక్రాన్లు. 1.6 మిల్లీమీటర్ల పలక మందంలో దాదాపు 45వ వంతు. మనం రోజంతా దేనికోసం తంటాలు పడ్డామో అది నిలువులో చూస్తే ఓ గీత కూడా కాదు.

ఇంకాస్త దగ్గరికి వెళ్తే పొరల మధ్య దూరాలు సమానం కావని తెలుస్తుంది. మామూలు నాలుగు పొరల బోర్డులో నడుమ మందపాటి కోర్ ఉంటుంది. పై పొరకూ దాని కింది గ్రౌండ్ పొరకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్లే. ఈ దగ్గరితనం వట్టి కొలత కాదు. సిగ్నల్ ట్రాక్‌లో పోయిన కరెంటు ఎలాగో ఒకలా తిరిగి రావాలి. వేగం పెరిగేకొద్దీ అది అడ్డదారిలో దగ్గర చూసుకుని రాదు, తన ట్రాక్‌కు సరిగ్గా అడుగునే, గ్రౌండ్ పొరలో దాని నీడలోనే వెనక్కి వస్తుంది. ఆ గ్రౌండ్ పొరలో మనం ఇంకేదో అవసరానికి ఓ గాడి చీల్చి పెట్టామనుకోండి, తిరుగు కరెంటు ఆ గాడి చుట్టూ తిరిగి రావాలి. చుట్టు పెరిగితే అది యాంటెన్నా అవుతుంది, పక్క రేడియోలో గరగరలు వస్తాయి. రెండు కొలతల తెరలో ఈ తప్పు దొరకడం కష్టం, ఎందుకంటే పై పొర చూసేటప్పుడు కింది పొరను మసక చేసి పెట్టుకుంటాం. ఒళ్ళు తీసేసిన 3డిలో మాత్రం ఆ ట్రాక్ గాడి మీదుగా గాలిలో దూకుతున్నట్టు తెలిసిపోతుంది. కరెంటును 3డి తెర చూపించదు. వేడినీ, గరగరనూ చూపించదు. కానీ వాటిని ఊహించడానికి కన్నుకు కాస్త ఆసరా ఇస్తుంది.

ఇక అందం. కీక్యాడ్‌ను 1992లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో జాన్-పియర్ షారాస్ అనే అధ్యాపకుడు మొదలుపెట్టాడు. తరవాత సెర్న్ ప్రయోగశాల చేయందించింది. 2018లో వచ్చిన అయిదో వెర్షన్‌లో రే ట్రేసింగ్ చేర్చారు. నీడలు, మెరుపులు, సోల్డర్ మాస్క్ లోంచి లీలగా కనిపించే ట్రాకులు, అన్నీ ఫొటోలో ఉన్నట్టే వస్తాయి. చేతిలో పైసా లేని విద్యార్థి కూడా తన బోర్డును పెద్ద కంపెనీ ప్రకటనలా చూసుకోగలడు. ఇందులో నాకు సంతోషమే. చిక్కల్లా ఆ బొమ్మను బయటివాళ్ళకు పంపినప్పుడే. ‘అయిపోయిందా, ఎప్పుడు పంపుతున్నారు?’ అని ఫోను వస్తుంది. ఇంకా సగం ట్రాకులు వేయలేదండీ అంటే నమ్మరు. ఒకాయన రంగు నలుపు కావాలన్నాడు. తెరలో నలుపు ఎంచి పంపితే చాలా బాగుందన్నాడు. ఆ నలుపు గెర్బర్ ఫైళ్ళలోకి పోదనీ, ఆర్డరు ఫారంలో విడిగా రాయాలనీ చెప్పడం మరిస్తే పచ్చ బోర్డు వచ్చి వాకిట్లో కూర్చుంటుంది. నా మటుకు నేను బోర్డు పూర్తయ్యేవరకూ ఆ అందమైన బొమ్మ ఎవరికీ పంపను.

ఆ అయిదో వెర్షన్‌తోనే వచ్చిన ఇంకో సదుపాయం గురించి ఎవరూ అంతగా మాట్లాడుకోరు. బోర్డు మొత్తాన్ని స్టెప్ ఫైలుగా ఎగుమతి చేయొచ్చు. స్టెప్ మెకానికల్ వాళ్ళ భాష. నా ఎత్తుల్ని నేను వాళ్ళ భాషలో పంపితే, వాళ్ళు తమ డబ్బాలో నా బోర్డును దించి చూసుకుంటారు. వెనకటికి ఇదే పని ఫోన్లలో జరిగేది. ‘నీ దగ్గర పెద్ద కాంపోనెంట్ ఏది?’ ‘కెపాసిటర్.’ ‘ఎంతుంటది?’ ‘పాతిక మిల్లీమీటర్లనుకో.’ ఆ ‘అనుకో’ మీదే అచ్చులు తయారయ్యేవి.

మొన్న ఒక పవర్ సప్లయి బోర్డుకు స్టెప్ ఫైలు పంపాను. మా మెకానికల్ మిత్రుడు మధ్యాహ్నానికల్లా ఓ బొమ్మ తిప్పి పంపాడు. నా కెపాసిటర్ నెత్తి అతని మూతలోంచి ఎర్రగా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“అన్నా, రెండు మిల్లీమీటర్లు తగ్గించు” అన్నాడు ఫోనులో.

“కెపాసిటర్ తగ్గదు. నువ్వే మూత లేపు.”

“మూత లేపితే షెల్ఫులో పట్టదంట. వాళ్ళు ముందే చెప్పిన్రు.”

అంటే మా ఇద్దరి ఎత్తూ మూడో మనిషి షెల్ఫు దగ్గర ఆగిందన్నమాట. కెపాసిటర్‌ను పడుకోబెట్టడమే దారి. పడుకోబెడితే ఎత్తు పోయి పొడవు అవుతుంది, నా వాటాలో చోటు తింటుంది. కాళ్ళు వంచాలి, కింద కాస్త సిలికాన్ జిగురు వేయాలి, పడుకున్న చోట కింద ట్రాకులు లేకుండా చూసుకోవాలి. దాని పక్కనున్న రెండు రెసిస్టర్లూ ఒక డయోడూ జరపాల్సి వచ్చింది. డయోడ్ జరిపితే ఫ్యూజుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. దాన్ని అడుగు పొర నుంచి తీసుకొచ్చి, కొత్త స్టెప్ ఫైలు రాత్రి ఎనిమిదింటికి పంపాను. పొద్దున్నే జవాబు వచ్చింది: “కెపాసిటర్ ఓకే. ఫ్యూజు మార్చాలంటే మూత తియ్యకుండ చెయ్యి పోతదా అని అడుగుతున్నరు.”